డమ్మీ అవుట్‌పుట్

డమ్మీ అవుట్‌పుట్ అని ఉంది. ఇందాకా అదే ఉంది, ఆపి మళ్లీ ఆన్ చేసినా అదే ఉంది, ఇంకోసారి ఆపి, కళ్లు మూసుకుని, ఇరవై దాకా లెక్కపెట్టి ఆన్ చేసినా అదే, లాప్‌టాప్ తెర మీద స్పీకరు బొమ్మ పక్కన ఆ రెండు మాటలే, అంటే చప్పుడు పంపడానికి దానికి చోటే లేదని. నిన్న సాయంత్రం దాకా అక్కడ సౌండ్ కార్డు పేరుండేది, అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడుగాటి పేరు, దాన్ని అతను ఏనాడూ పూర్తిగా చదవను కూడా లేదు, పలుకుతున్నదాని పేరు ఎవరు చదువుతారు. కూర్చున్న బెంచీ చల్లగా ఉంది, ఒళ్లోని లాప్‌టాప్ వేడిగా ఉంది, పక్కన అక్క కూర్చుని ఉంది, మెడచుట్టూ పలచని నూలుగుడ్డ, దాని వెనక గొంతులో డాక్టర్లు ఉంచిన రంధ్రం, అందులోంచి వచ్చిపోయే ఊపిరి చప్పుడు. ఎనిమిది నెలలుగా ఆమె నుంచి వచ్చే చప్పుళ్లు రెండే, అదొకటి, ఆమె టైపు కొట్టిన మాటను ఆమె గొంతుతోనే పలికే ఈ లాప్‌టాప్ పెట్టె చేసేదొకటి. పెట్టె ఇప్పుడు చెయ్యటం లేదు. ఎదురుగా మూసిన తలుపు, తలుపు మీద గడియారం, పదీ ముప్పై అయిదు, పదకొండున్నరకి లోపలికి పిలుస్తారు, అంటే యాభై అయిదు నిమిషాలు, యాభై అయిదు నిమిషాల్లో ఎన్నో చెయ్యొచ్చు, ఇంతకంటే ఘోరంగా మొరాయించినవాటిని అతను పావుగంటలో దారికి తెచ్చాడు, కాకపోతే అవన్నీ ఇతరులవి.

కింద బస్‌స్టేషన్‌లోంచి ప్రకటన పైకి వచ్చింది. పన్నెండో నంబరు, రెండో ప్లాట్‌ఫారం. అది ఎవరి గొంతూ కాదు, ఎవరో ఎక్కడో ఒకసారి అంకెలు చదివిచ్చి వెళ్లిపోతే వాటిని ముక్కలుగా అతికించుకుంటున్న గొంతు, పన్నెండుకీ నంబరుకీ మధ్య అతుకు చెవికి తగులుతుంది. ఇరవై నాలుగేళ్లు ఆ ప్రకటనల్లో వినబడింది అక్క గొంతే. జనం ఆమె మొహం ఎరగరు, కానీ ఆమె దుకాణంలో సబ్బు అడిగితే పక్కనున్నవాళ్లు తలతిప్పి చూసేవాళ్లు, ఈ గొంతు ఎక్కడో విన్నామే అన్నట్టు, అప్పుడామె కావాలని అదే స్వరంతో, సబ్బు మూడో అరలో ఉంది, అనేది, వాళ్ల మొహాలు విచ్చుకునేవి. చదువుకునే రోజుల్లో అతను ఎక్కవలసిన బస్సు వదిలేసి ఇంకో రెండు ప్రకటనలు విని అప్పుడు ఇంటికి పోయిన సాయంత్రాలున్నాయి, ఆ సంగతి ఆమెకెప్పుడూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఆటపట్టించేది, ఇప్పుడు చెప్పినా ఆటపట్టించడానికి ఆమె దగ్గర ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు ఉన్నాయంతే. ఆ పుస్తకం ఇప్పుడతని మోచేతికి తగిలింది. నీళ్లు తాగు, అని రాసి ఉంది. అతను తల అడ్డంగా ఊపాడు, ఊపినందుకు సిగ్గుపడ్డాడు, సీసా అందుకుని రెండు గుక్కలు తాగాడు, నీళ్లు ఎక్కడికి పోయాయో తెలియలేదు.

కార్డుల జాబితా అడిగే ఆదేశం, తెర మీద ఆదేశాలు రాసే నల్లటి కిటికీలో మళ్లీ కొట్టాడు. సౌండ్ కార్డులేవీ కనబడలేదు, అంది. లోపలి చిట్టా మొత్తం తీశాడు, మిషను లేచిన క్షణం నుంచీ ఏం చూసిందో ఏం పలకరించిందో వరసగా రాసుకునే చిట్టా, వందల వరసలు, కీబోర్డును గుర్తుపట్టింది, తెరను గుర్తుపట్టింది, ఎప్పుడూ వాడని కెమెరాను సైతం గుర్తుపట్టి పేరుపెట్టి పిలిచింది, సౌండ్ కార్డు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒక్క ముక్కా లేదు. తప్పు చూపించినా బాగుండేది, తప్పుంటే పట్టుకోవచ్చు, ఎర్ర అక్షరాల్లో తిట్టే మిషనుతో అతను ఎన్నోసార్లు వేగాడు, ఇది తిట్టటం లేదు, అసలలాంటిదొకటి ఉన్నట్టే ఎరగనంటోంది. లినక్స్‌లో కెర్నెల్ అని ఒకటుంటుంది, మిషనులోని సామానుకీ పైన నడిచే ప్రోగ్రాములకీ మధ్య నిలబడి ఎవరితో ఏం పని చేయించాలో చూసుకునేది అదే, ఈ లాప్‌టాప్‌లో నిన్నటిదాకా ఉన్నది పాత కెర్నెల్, ఇవాళ లేచింది కొత్తది, పాత మేనేజరు రిటైరై కొత్తాయన వచ్చి మూలన కూర్చున్న ఉద్యోగిని నువ్వెవరని కూడా అడక్కుండా దాటిపోయినట్టు దాటిపోయింది. కొత్తదాన్ని తెచ్చింది అతనే. ఎవరూ తెమ్మనలేదు. అక్క ఒక మాట కొట్టాక అది గొంతై బయటికి రావడానికి అరక్షణం పట్టేది, అరక్షణమే, ఆమెకది పట్టనే పట్టలేదు, అతనికే పట్టింది, రేపు అంతమంది ముందు ఆ అరక్షణం కూడా ఉండకూడదనుకున్నాడు, నిన్న సాయంత్రం అక్క బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే పక్కగదిలో కూర్చుని కొత్త కెర్నెల్ ఎక్కించాడు. చోటు చాలలేదంటే పాతదాన్ని తన చేత్తో తీసేశాడు. గొంతు పలికించి చూశాడు, పలికింది, ఎందుకు పలకదు, మళ్లీ ఆన్ చేసేదాకా నడుస్తున్నది పాతదే కదా, ఆ ముక్క అతనికి తెలుసు, పదిమందికి తనే చెప్పి ఉంటాడు, తెలిసీ మూత మూసి, రేపటికి సిద్ధం, అని అక్క ఎదట బొటనవేలెత్తి చూపించాడు. ఆ బొటనవేలే ఇప్పుడు మీట నొక్కి చిట్టాను ఇంకా కిందికి జరుపుతోంది.

నడవాలో డీజిలు వాసన, కొత్తగా తుడిచిన నేల వాసన. తుడిచే ఆవిడ బకెట్టు జరుపుకుంటూ వచ్చి, అక్కను చూసి ఆగి, గుండెల మీద చెయ్యి వేసుకుని నవ్వింది, అక్క కూడా నవ్వింది, నవ్వంటే భుజాలు కదలడం, నూలుగుడ్డ ఒకసారి ఉబ్బి తగ్గడం. లోపల ముగ్గురుంటారు, పెద్ద ఆఫీసరు, డాక్టరు, సిబ్బంది సంగతులు చూసే మేడం. ఉత్తరంలో రాసింది అతనికి కంఠతా వచ్చు, యంత్ర సహాయంతోనైనా సొంత గొంతుతో ప్రకటనలు చేయగలనని ఋజువు చేసుకోవాలి, లేనిపక్షంలో స్టోర్సు విభాగానికి పంపబడతారు. స్టోర్సు నేలమాళిగలో ఉంది, అతను ఒకసారి చూశాడు, టైర్లు, టైర్ల మధ్య ఒక బల్ల, బల్ల మీద ఒక పద్దు పుస్తకం, పొద్దుగూకులూ లైటు. సొంత గొంతు అన్న మాట వాళ్లు ఊరికే రాయలేదు, వేరే గొంతయితే కింద ఒకటుంది. అందుకే ఫోన్లో ఉన్న చదివే గొంతు పనికిరాదు, అది ఎవరో ఆడమనిషిది, ఇందాక ఆశ చావక దాంతో ఒక వాక్యం చదివించి వినిపిస్తే అక్క ఆ ఆడమనిషి నిజంగానే వచ్చి తన కుర్చీలో కూర్చున్నట్టు మొహం పెట్టింది.

గొంతులో జబ్బు బయటపడటానికీ ఆపరేషనుకీ మధ్య పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజులూ వెనకగదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ పధ్నాలుగు వందల వాక్యాలు చదివించాడు, గొంతు తయారుచేసే ప్రోగ్రాముకి భాషలోని చప్పుళ్లన్నీ కావాలి, అర్థంతో దానికి పనిలేదు, అందుకని ఏనుగు గొడుగు కింద జుట్టు ఆరబెట్టుకుంది, ఝంకారం విన్న డాక్టరు ఢంకా అమ్మేశాడు, ఇలాంటివి. ఇన్ని అబద్ధాలు నా జన్మలో ఆడలేదురా, అనేది అక్క, ఈ ఏనుక్కి జుట్టెక్కడిదని అడిగితే నేనేం చెప్పను. అప్పటికే గొంతు బొంగురు, రోజురోజుకీ ఇంకాస్త, పదమూడో రోజున మధ్యలో ఆగిపోయి నేలకేసి తల దించుకుంది, ధైర్యం చెప్పే మాట తోచినా అతను అనగలిగేవాడు కాదు. అతనికి నత్తి. ఇళ్లకి ప్లాన్లు గీయడం అతని పని, ఆ పని పేరైనా అతని నోటికి లొంగదు, ఏం చేస్తావని ఎవరడిగినా ఇళ్లు గీస్తాను అంటాడు. బళ్లో హాజరు పిలిస్తే మాట పెగలక చివాట్లు తింటుంటే, రెండు తరగతులు పైనున్న అక్క తన తరగతి వదిలేసి వచ్చి మాస్టారి ఎదట నిలబడి, వాడు చెయ్యెత్తుతాడు సార్, సరిపోదా, అంది. సరిపోయింది. తర్వాత దుకాణాల్లో, డాక్టర్ల దగ్గర, ఫోను మోగినప్పుడు, పెళ్లిచూపుల్లో కూడా, అతని తరఫున మాట్లాడింది ఆమే. మిషన్ల దగ్గరికి అతను అందుకే వెళ్లాడేమో, నల్లటి కిటికీలో మెరిసే గీత అతని మొహంలోకి జాలిగా చూడదు, ఎంతసేపైనా అలాగే మెరుస్తుంది. పదమూడో రోజున ఆమె తల ఎత్తి, కానీ, తర్వాతిది ఏది, అంది. ఆ రోజున మనసులో ఒట్టు వేసుకున్నాడు, ఇన్నాళ్లూ నాకు నువ్వు మాట్లాడావు, ఇంక నీకు నేను మాట్లాడిస్తాను. ఆ ఒట్టు వేసుకున్నవాడే నిన్న సాయంత్రం పాతదాన్ని తీసేశాడు. పదీ యాభై.

ఎవరి సాయమైనా అడగాలి. ఫోన్లో లినక్స్ వాడేవాళ్ల ఫోరం తెరిచాడు, అక్కడ అతనికి పేరుంది, రాతలో నత్తి ఉండదు, పదేళ్లుగా ఎంతమంది చీకటి తెరలను వెలిగించాడో, ఎంతమంది వైఫైలను కదిలించాడో, ఆ అతనే ఇప్పుడు మొదటిసారి చేరిన కుర్రకారులాగా, దయచేసి సాయం చెయ్యండి, తొందరగా, అని రాశాడు. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. పాత కెర్నెల్‌తో ఆన్ చెయ్యండి, ఈ కార్డుకి కొత్తదానితో తేడా ఉంది, పాతది ఎప్పుడూ ఒకటి అట్టేపెట్టుకోమని ఇక్కడొకాయన వివరంగా రాశారు, అని కింద లంకె. నొక్కాడు. రాసింది తనే. మూడేళ్ల కిందటిది, చివర్లో నవ్వుమొహం బొమ్మ కూడా పెట్టాడు.

మెట్లు దిగి బస్‌స్టేషన్లోకి పరుగెత్తాడు, ఫోను సామాన్ల కొట్లు మూడు, యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండ్ ముక్క దొరికితే చాలు, కార్డుతో పనేలేదు, అలాంటిది ఇంట్లో బల్లసొరుగులో ఉంది, ఇల్లు గంటప్రయాణం. మొదటి కొట్టువాడు ఇయర్‌ఫోన్లు చూపించాడు, రెండోవాడు ఫోనుకి పట్టే సన్నమూతివి చూపించాడు, మూడోవాడికి ఏం కావాలో చెప్పడానికే నిమిషం పట్టింది, వాడు మధ్యలో అందుకుని పవర్‌బ్యాంకా అన్నాడు, కాదు, పెన్‌డ్రైవా, కాదు, పోనీ ఫోనులో బొమ్మ చూపించండి అన్నాడు, బొమ్మ చూసి, అబ్బే, అవి ఇప్పుడెవరు వాడుతున్నారండీ, అన్నాడు. మళ్లీ మెట్లు. ఆయాసం. బ్లూటూత్, ఈ పాతమిషనులో అది మొదట్నుంచీ పలకలేదు, తర్వాత చూద్దామని వదిలేశాడు. మాటను ఫైలుగా చేసి ఫోన్లో వినిపించబోతే గొంతు ప్రోగ్రాము కార్డు ఎక్కడని అడిగి అక్కడే ఆగింది. అక్క చదివిన అసలు రికార్డింగులు ఇంట్లో వేరే డిస్కులో ఉన్నాయి, భద్రంగా, ఎంత భద్రంగా అంటే అతనికే అందనంత. ఇక మిగిలింది ఒక్కటే, ఫోను నెట్‌తో పాత కెర్నెల్ మళ్లీ దించుకోవడం. నడవా చివరి కిటికీలో ఫోను పెడితే రెండు గీతల సిగ్నలు వచ్చింది. మొదలుపెట్టాడు. మూడు శాతం. ఏడు. అక్క లేచి వచ్చి పక్కన నిలబడింది, తెర మీద కదిలే అంకెకేసి, అతని చెంప మీద జారే చెమటకేసి చూసింది, కొంగుతో తుడవబోయి మానేసింది. ఇరవై రెండు. ఇరవై రెండు. ఇరవై రెండు. కిటికీ బయట బస్సు వెనక్కి తిరుగుతోంది, ఈలవేసేవాడు చేతులూపుతున్నాడు, రా, రా, రా, ఆగు. ముప్పై ఒకటి. ఈ రెండు గీతలు ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదు, ఉద్యోగం అక్కర్లేదు, ఫోరంలో పేరు అక్కర్లేదు, ఒక గీత పోయింది, ఫోనును అరచేతిలో ఎత్తి కిటికీ ఊచల్లోంచి బయటికి చాపాడు, చెయ్యి లాగేస్తోంది, నలభై ఆరు, పదకొండూ పద్దెనిమిది, నలభై ఆరు, యాభై రెండు.

తలుపు తెరుచుకుంది, అటెండరు బయటికి వచ్చి అక్క పేరు పిలిచాడు, ఇంకా పదకొండూ ఇరవై ఆరే. అతను చెయ్యి చాపి ఉన్నవాడు ఉన్నట్టే మెడ తిప్పి, ఇం, ఇంకో ప, ప, ప,

"పది నిమిషాలా? అది నా చేతుల్లో లేదండీ," అన్నాడు అటెండరు, చెడ్డవాడు కాదు, గొంతు తగ్గించే అన్నాడు. "సార్‌కి పన్నెండుకి ఇంకో మీటింగుంది. అందుకే ముందే పిలవమన్నారు. రండమ్మా."

అతను అడగబోయింది పదిహేను. అరవై ఎనిమిది శాతం. ఫోను జేబులో వేసుకుంటే ఆగుతుందేమోనని చేత్తో ఎత్తిపట్టుకుని, మరో చేత్తో తెరిచిన లాప్‌టాప్ ఎత్తుకుని, నీళ్లు తొణక్కుండా గిన్నె మోస్తున్నవాడిలా గుమ్మం దాటాడు. మందపాటి గోడలు, మందపాటి తెరలు. బల్ల దగ్గరికి చేరేసరికి ఒక గీతా లేదు. డెబ్భై ఒకటి దగ్గర, కనెక్షన్ తెగిపోయింది, అని వచ్చింది, దానికేం తొందరలేనట్టు కింద సరే అన్న మీట కూడా ఇచ్చింది, అతను సరే నొక్కాడు, వేరే మీట లేదు.

"కూర్చోండమ్మా," అన్నాడు పెద్ద ఆఫీసరు. "మీరు లేక కింద మాకూ ఏం బాగాలేదు. ఏదీ, వినిపించండి."

డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. "సౌ, సౌండు రావట్లేదు సార్," అన్నాడతను. "ని, నిన్నటిదాకా వచ్చింది. నా వల్లే." ఇంకా చెప్పవలసింది చాలా ఉంది, కెర్నెల్ సంగతి, అరక్షణం సంగతి, డెబ్భై ఒకటి శాతం సంగతి, చెప్పినా ఆ గదిలో దానికి చోటు లేదు. అక్క అతని చేతుల్లోంచి లాప్‌టాప్ తీసుకుంది. అక్షరాలు పెద్దవి చేసుకుంది. కొట్టింది. తెర అతని వైపు తిప్పి, చదువు, అన్నట్టు గడ్డం ఎగరేసింది. అతనికి ఇంతకంటే స్టోర్సు నయం అనిపించింది, తననే పంపించినా సరే.

నమస్కారం, అని చదివాడు. యంత్రం ఈరోజు మొరాయించింది. నేను రాస్తాను, మా తమ్ముడు చదువుతాడు. చిన్నచిన్న రాళ్లు తగిలాయి గాని దాటేశాడు.

"సరే. కానీ స్టేషన్లో కూడా ఇలాగే ఆగిపోతే ఏం చేస్తారమ్మా?" అంది మేడం, అడగక తప్పని గొంతుతో.

వేళ్లు చకచకా కదిలాయి. అది నిజమే, అని చదివాడు. ఇరవై నాలుగేళ్లలో నేను సెలవు తీసుకున్నది తొమ్మిది రోజులు. జనం నన్ను చూడలేదు, విన్నారు. ఎక్కవలసిన బండి ఎక్కారు. నాకు తెలిసింది ఆ ఒక్క విద్య. చదువుతూనే ఏదో తేడా తెలిసింది అతనికి, జనం ఏమిటి, ఇన్నేళ్లలో అక్క ఆ మాట ఎప్పుడూ వాడలేదు, ఆమెకు వాళ్లెప్పుడూ ప్రయాణికులే, విద్య ఏమిటి, పని అనాలి కదా, తెరను పైనుంచి కిందికి మళ్లీ చూశాడు, ప తో మొదలయ్యే మాట ఒక్కటి లేదు. అతని నోరు ఆగిపోయేది ఆ అక్షరం దగ్గరే. ఆమె కొడుతున్న ప్రతి మాటా అతని నాలుక మీద పెట్టి చూసుకుని కొడుతోంది, ఉద్యోగం ఊడబోతున్న మనిషి, ముగ్గురు ఎదురుగా కూర్చుని ఉండగా. అతని కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోయాయి.

పెద్ద ఆఫీసరు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "మిషను పనిచెయ్యకపోతే నేనేం రాయనమ్మా? ఒకటో తారీకు నుంచి స్టోర్సు. ఇది బాగయ్యాక మళ్లీ అప్లికేషన్ పెట్టండి, చూద్దాం."

"ఆ పోస్టు ఈ నెలాఖరుకి తీసేస్తున్నారు సార్," అంది మేడం, అక్కకేసి చూడకుండా. అంటే బాగయినా ఒకటే. ఇంటికి వెళ్లి సాయంత్రానికల్లా అతను బాగుచేస్తాడు, సందేహం లేదు, సాయంత్రం కార్డు పేరు వచ్చి కూర్చుంటుంది, పొడుగాటి పేరు.

అక్క బల్లమీద వేలి కణుపుతో ఒకసారి తట్టింది. అందరూ చూశారు. కొట్టింది, తిప్పింది. రాసుకోండి సార్, అని చదివాడు. రోజూ ఈ వేళకు నేను చెప్పేది ఒక్కసారి వినండి. మళ్లీ తనవైపు తిప్పుకుంది. అయిదో నంబరు, మూడో, అని కొట్టి ఆగింది. వేళ్లు మీటల మీద గాలిలో నిలిచిపోయాయి. తర్వాత రావలసినదానికి ఇంకో మాట లేదు, చోటు అంటే చాలదు, అరుగు అంటే ఎవరికీ తెలియదు, ఇరవై నాలుగేళ్లు రోజుకి రెండువందల సార్లు ఆమె అన్నమాట అదొక్కటే. తల తిప్పి తమ్ముడికేసి చూసింది. అతనూ చూశాడు. కొట్టు, అన్నాడు, అదృష్టం, క దగ్గర అతను ఆగడు. కొట్టింది.

అయిదో నంబరు, అన్నాడు. మూడో, అన్నాడు. పెదాలు మూతపడ్డాయి. తెరుచుకోలేదు. లోపల మాట తలుపు బాదుతోంది, మెడనరాలు బిగిశాయి, కళ్లు మూతపడ్డాయి, గాలి లేదు, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో కుర్చీలో కదిలిన చప్పుడు, ఇప్పుడు ఎవరో ఒకరు అందిస్తారు, ఎప్పుడూ అందిస్తారు, దయగా, విసుగ్గా, తొందరగా, నోట్లోంచి మాట లాక్కుని వాళ్లే అనేసి, అంతేనా, అంటారు. "ప్లాట్..." అని పెద్ద ఆఫీసరు గొంతు మొదలైంది, అంతలోనే ఆగింది. అతను కళ్లు తెరిచాడు. అక్క అరచెయ్యి గాలిలో ఉంది, ఆఫీసరుకి అడ్డంగా, నిటారుగా, ఆమె మాత్రం అటు చూడటం లేదు, ఇటూ చూడటం లేదు, గోడకేసి చూస్తోంది, బస్సు వచ్చేదాకా కూర్చునేవాళ్లు కూర్చున్నట్టు కూర్చుంది. చెయ్యి దించలేదు. ఆఫీసరు కలం కాగితం మీద ఆనకుండా నిలిచిపోయింది. ఎంతసేపో అతనికి తెలియదు. ప్లాట్‌ఫారం మీద ఉంది, అన్నాడు. నిదానంగా ఎక్కండి, అని తెరమీద ఉన్నది చదివాడు, ఇంకా సమయం ఉంది.